తక్కువ వెలగల కంప్యూటరును పరీక్షించు విధము

మన గ్రామములయందు సంతకు బోయి ఎద్దులను కొనువారు కొమ్ములకు పూసిన రంగును చూచి బేరమాడరు. నోరు తెరచి పండ్లు చూతురు, గిట్టలు చూతురు, నాలుగడుగులు నడిపింతురు, కాడి కట్టి చూచినగాని పైకమును చేతినుండి విడువరు. నూలుబట్ట కొనువారు పోగును లాగి చూతురు. కుండ కొనువారు వ్రేలితో కొట్టి ధ్వనిని విందురు. ఇట్లు రూపాయి విలువ నెరిగిన మనవారే కంప్యూటరు కొనబోవునప్పుడు పెట్టెమీద నంటించిన చీటిని చదివి, అంగడివాని మాటను నమ్మి, పైకము చెల్లించి వచ్చుచున్నారు. ఇది వారి తెలివితక్కువ కాదు. ఎద్దునకు పండ్లెచ్చట నుండునో వారెరుగుదురు. ఈ యంత్రమునకు పండ్లెచ్చట నుండునో వారి కెవ్వరును చెప్పియుండలేదు. ఆ సంగతిని తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇచ్చట నేను చెప్పబోవునది మేజాపై నుంచి వాడుకొను కంప్యూటరును గూర్చి మాత్రమే. ఇంటిలో పిల్లల చదువునకును, చిన్న దుకాణమునకును, ఇద్దరు ముగ్గురు పనిచేయు కార్యాలయమునకును స్వల్పవ్యయముతో ఒక యంత్రమును కొనదలచినవారు దేనిని చూడవలెను, దేనిని విడువవలెను అనునదియే ఇందలి విషయము.

నా పొరపాటు

పరులకు బుద్ధి చెప్పుటకు ముందు నా తప్పును ఒప్పుకొనుట న్యాయము. 2022వ సంవత్సరమున మా తమ్ముడు తన ఎరువుల దుకాణములో చిట్టా ఆవర్జాలను మాని కంప్యూటరులో లెక్కలు వ్రాసికొనవలెనని తలచెను. "అన్నయ్యా, నీవు బడిలో పాఠములు చెప్పువాడవు. నాకంటె నీకు బాగుగా తెలియును. నీవు ఏది చూపిన అదియే కొందును" అని నన్ను వెంటబెట్టుకొని పట్టణమునకు పోయెను. అచ్చటి వర్తకుడు పాతవైన రెండు యంత్రములను మా యెదుట నుంచెను. ఒకదానిలో ఇంటెల్ ఐ7-6700 అను ప్రాసెసరును, 500 జి.బి. హార్డు డిస్కును ఉండెను. రెండవదానిలో ఐ3-8100 అను ప్రాసెసరును, 256 జి.బి. ఎస్.ఎస్.డి.యు ఉండెను. ర్యాము రెంటికిని 8 జి.బి.యే. వెలలో ఎక్కువ భేదము లేదు.

ఏడు మూడుకంటె పెద్దది. ఐదువందలు రెండువందల ఏబదియారుకంటె పెద్దది. రెండవ తరగతి బాలునకు తెలిసిన ఈ లెక్కనుబట్టి నేను మొదటిదానిని చూపితిని. మా తమ్ముడు మారుమాట లేక పైకము చెల్లించెను.

మొదటి దినమునుండియే అది ఉదయమున మేల్కొనుటకు చాలసేపు పట్టుచుండెను. తమ్ముడు మీట నొక్కి, దుకాణము ఊడ్చి, తిరిగివచ్చి చూచిన గాని అది సిద్ధముగా నుండెడిది కాదు. 2024వ సంవత్సరపు వేసవిలో హార్డు డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేయుట మొదలుపెట్టెను. నాలుగవ దినమున అది బొత్తిగా తెరచుకొనలేదు. పంట చేతికి వచ్చిన తరువాత చెల్లించెదమని రైతులు అరువుగా తీసికొనిపోయిన ఎరువుల పద్దులు రెండు సంవత్సరములవి అందులో నుండెను. నకలు మరియొకచోట లేదు. మా తమ్ముడు నన్ను ఒక్కమాటయైన అనలేదు. అతడు ఏదియైన అనియుండినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

రైతులలో అనేకులు తమంతట తామే వచ్చి, "నా పేర ఇన్ని బస్తాలున్నవి" అని చెప్పి పైకము చెల్లించిరి. వారి యెడల మా కుటుంబము ఎన్నడును కృతజ్ఞతతో నుండవలసినదే. అయినను కొన్ని పద్దులు నేటికిని తేలలేదు. ఆ నష్టము వర్తకుని మోసమువలన కలిగినది కాదు. చూడవలసిన దానిని చూడక, చూడనవసరము లేని అంకెను నేను చూచుటవలన కలిగినది.

మొదట పని, తరువాత యంత్రము

1981వ సంవత్సరము ఆగస్టు నెలలో ఐ.బి.యం. వారు తమ మొదటి పర్సనల్ కంప్యూటరును వెలువరించిరి. దానివెల 1,565 డాలర్లు మొదలుకొని యుండెను. ఆ వెలకు దొరకిన దానిలో ర్యాము 16 కిలోబైట్లు మాత్రమే. నేడు మిక్కిలి చౌకయైన యంత్రములో సహితము 8 జి.బి. ర్యాము ఉండుట సామాన్యము. అనగా అది 5,24,288 రెట్లు. కావున శక్తి చాలునా యనునది నేడు ముఖ్యమైన ప్రశ్న కాదు. ఈ యంత్రము మన పనికి తగునా, ఎన్ని సంవత్సరములు తగును అనునవియే ప్రశ్నలు.

అంగడికి పోవుటకు ముందు ఒక కాగితముమీద ఆ యంత్రముచేత చేయింపదలచిన పనులను వ్రాయుడు. ఇంటిలోనైన: పాఠముల దృశ్యములు చూచుట, వ్యాసములు టైపు చేయుట, పరీక్షల దరఖాస్తులు పంపుట, ఉపాధ్యాయునితో ముఖాముఖిగా మాటలాడుట. దుకాణములోనైన: పద్దులు వ్రాయుట, బిల్లులు అచ్చువేయుట, జి.ఎస్.టి. లెక్కలు దాఖలు చేయుట. తెలుగు శుభలేఖలను, కరపత్రములను కూర్చువారికి మరియొక పని కలదు. ఈ పట్టికయే మీ కొలబద్ద. పట్టికలో లేని పనికై ఒక్క రూపాయియు చెల్లింపవద్దు. ఆటలకొఱకు చేయబడిన రంగురంగుల దీపముల పెట్టెయు, ప్రత్యేకమైన గ్రాఫిక్సు కార్డును పైపనులలో దేనికిని అవసరము లేదు.

ఈ పట్టికనుబట్టియే యంత్రమును నడుపు ఆపరేటింగు సిస్టమును నిర్ణయింపవలెను. లెక్కలకు మనవారు విశేషముగా వాడు ట్యాలీ విండోసుకొఱకు చేయబడినది. తెలుగు ముద్రణకై అనేక డి.టి.పి. కేంద్రములలో వాడు అను ఫాంట్లు కూడ విండోసుతోనే పనిచేయును. అట్టివారు విండోసునకు కావలసిన వ్యయమును లెక్కలో చేర్చుకొనవలెను. ఉత్తరములు, పట్టికలు, అంతర్జాలములోని పాఠములు మాత్రమే చాలునన్నచో వెల లేకుండ దొరకు లినక్సును, లిబ్రే ఆఫీసును వారి యవసరమును సంపూర్ణముగా తీర్చును. తెలుగు లిపికి యూనికోడులో 1991వ సంవత్సరమునుండి స్థానము కలదు గావున, ఈ రెండు విధములైన యంత్రములలోను తెలుగు వ్రాయవచ్చును.

గుమస్తా, బల్ల, బీరువా

ఒక కార్యాలయములో గుమస్తా యున్నాడనుకొనుడు. అతని యెదుట బల్లయు, గోడవద్ద కాగితముల బీరువాయు కలవు. కంప్యూటరులో ప్రాసెసరే గుమస్తా. ర్యామే బల్ల. డిస్కే బీరువా. గుమస్తా ఎంత చురుకైనవాడైనను, బీరువానుండి కాగితము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. బల్ల చిన్నదైనచో కాగితములను మాటిమాటికి బీరువాకు చేర్చి మరల తేవలసివచ్చును. కావున కార్యాలయముయొక్క వేగము చురుకైనవానినిబట్టి కాదు, అందరికంటె మందమైనదానినిబట్టి యుండును. ఇది కంప్యూటరుల విషయములోనే కాక అన్ని యంత్రములయందును నిజమైన సూత్రము.

పాత హార్డు డిస్కు మందముగా నుండుటకు కారణమును లెక్కవేసి చూతము. మేజా కంప్యూటరులలోని హార్డు డిస్కు సాధారణముగా నిమిషమునకు 7,200 మారులు తిరుగును. అనగా సెకనునకు 120 మారులు. ఒక్క చుట్టునకు సుమారు 8.3 మిల్లీసెకనులు. కావలసిన వ్రాత సూదిక్రిందికి వచ్చుటకు సగటున అర చుట్టు, అనగా సుమారు 4.2 మిల్లీసెకనులు, కాచుకొనవలెను. సూదిని మోయు చేయి తన స్థానమునకు చేరుటకు మరికొన్ని మిల్లీసెకనులు. మొత్తమున వేరువేరు చోట్ల నున్న చిన్న వ్రాతలను అది సెకనునకు సుమారు నూరింటిని మాత్రమే తీసికొనిరాగలదు. యంత్రము మేల్కొనునప్పుడు ఇట్టి చిన్న వ్రాతలు వేలకొలదిగా కావలెను. ఎస్.ఎస్.డి.లో తిరుగునదియు లేదు, కదలు చేయియు లేదు. విద్యుత్తుచేతనే వ్రాత దొరకును గావున అట్టివానిని సెకనునకు వేలకొలదిగా తెచ్చును.

మా తమ్ముని యంత్రములోని ఐ7-6700 అను గుమస్తా చేతగానివాడు కాడు. నిజమునకు కొన్ని పనులలో అతడు ఐ3-8100 కంటె మిన్న. కాని అతని బీరువా అతనిని కట్టివేసెను. అందుచేత తక్కువ వెలగల యంత్రమును చూచునప్పుడు మొదటి ప్రశ్న "ప్రాసెసరేది?" అని కాదు. "డిస్కు ఎస్.ఎస్.డి.యేనా?" అని. రెండవ ప్రశ్న "ర్యాము 8 జి.బి.కి తక్కువ కాదు గదా, మరియొకటి చేర్చుటకు ఖాళీ చోటు కలదా?" అని. ఈ రెంటికిని తగిన యుత్తరము వచ్చిన తరువాతనే ప్రాసెసరును గూర్చి అడుగుడు.

అంకెలను చదువు విధము

ఐ3, ఐ5, ఐ7 అనునవి ఒకే తరములో పుట్టినవారి అంతస్తును తెలుపును. వేరు తరములవారిని పోల్చుటకు అవి పనికిరావు. తరమును తెలిసికొనుటకు తరువాతి సంఖ్యలో చివరి మూడంకెలను కొట్టివేయుడు. 6700లో మిగులునది 6, అనగా ఆరవ తరము. 8100లో 8, అనగా ఎనిమిదవ తరము. 12100లో 12, అనగా పండ్రెండవ తరము. ఆరవ తరపు ఐ7-6700 అనునది 2015లో వచ్చినది. పండ్రెండవ తరపు ఐ3-12100 అనునది 2022లో వచ్చినది. రెంటికిని నాలుగేసి కోర్లే యున్నను, మూడు అని పేరుగల రెండవదే ఏడు అని పేరుగల మొదటిదానికంటె వేగవంతమైనది. తాతగారి కాలపు తాసీల్దారుని హోదాతో మనుమని కాలపు గుమస్తా చురుకుదనమును కొలువరాదు.

అరచేతిలో పట్టునంత చిన్న పెట్టెలు కూడ ఇప్పుడు విరివిగా దొరకుచున్నవి. అట్టి వానిలో అనేకములయందు 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 అను ప్రాసెసరు ఉండును. దానికి నాలుగు కోర్లు కలవు. దాని నిర్ణీత విద్యుత్తు 6 వాట్లు మాత్రమే. ఇంటిపనులకును, బిల్లులకును అది చాలును. కాని ర్యామును చేర్చుటకు దానిలో సాధారణముగా ఒక్క చోటే యుండును గావున కొనునప్పుడే తగినంత యుండునట్లు చూచుకొనవలెను.

మరియొక అంకె అనేకులను కలవరపెట్టును. 256 జి.బి. డిస్కును కొని యింటికి వచ్చి చూచినచో విండోసు 238 అనియే చూపును. అంగడివాడు పదునెనిమిది కాజేసెనని తలంపవద్దు. డిస్కు చేయువారు ఒక జి.బి.ని నూరుకోట్ల బైట్లుగా లెక్కింతురు. విండోసు దానిని 1024ను మూడుమారులు హెచ్చవేసిన సంఖ్యగా, అనగా 107,37,41,824 బైట్లుగా లెక్కించును. వస్తువు ఒక్కటే, కుంచము వేరు. 500 జి.బి. అన్నది 465గా కనబడుటకును ఇదియే హేతువు.

ఆయుర్దాయము

పాత యంత్రమును కొనువారు దాని వయస్సును మాత్రమే కాక మిగిలిన ఆయుస్సును చూడవలెను. యంత్రము చెడకపోయినను దాని ఆయుస్సు తీరుట కలదు. మైక్రోసాఫ్టువారు విండోసు 10నకు చేయుచుండిన సామాన్య పోషణను 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో ముగించిరి. పోషణ ముగియుట యనగా యంత్రము ఆగిపోవుట కాదు. దొంగలు క్రొత్తగా కనుగొను కంతలను పూడ్చువారు ఉండకపోవుట. బ్యాంకి వ్యవహారములును, ఇతరుల లెక్కలును గల యంత్రమునకు ఇది చిన్న సంగతి కాదు.

2021వ సంవత్సరమున వచ్చిన విండోసు 11నకు 4 జి.బి. ర్యామును, 64 జి.బి. డిస్కును, టి.పి.యం. 2.0 అను రక్షణభాగమును కావలెను. ఇంటెల్ ప్రాసెసరులలో, కొన్ని మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరమునుండి మాత్రమే దానికి అంగీకారము కలదు. కావున మేము విడిచివచ్చిన ఐ3-8100 ఆ గడపను దాటినది. మేము మోసికొనివచ్చిన ఐ7-6700 గడప యివతలనే నిలిచిపోయినది. కొందరు వర్తకులు నియమమును తప్పించి పాత యంత్రములలో కూడ విండోసు 11ను పెట్టి అమ్ముచున్నారు. అట్టివానికి ముందుముందు మరమ్మతులు తప్పక వచ్చునని మైక్రోసాఫ్టువారు మాట యిచ్చుట లేదు. తెరమీద "11" అని కనబడినంత మాత్రమున తృప్తిపడక, ప్రాసెసరు తరమును చూడుడు.

అంగడిలో చేయవలసిన పరీక్షలు

ఈ పరీక్షలకు అరగంట చాలును. చేతిగడియారమును, ఒక పెన్ డ్రైవును తీసికొనిపొండు. నిజాయితీగల వర్తకుడు వీనికి అడ్డు చెప్పడు. సికిందరాబాదు పార్కు లేనులోని చెనాయ్ ట్రేడు సెంటరువంటి పెద్ద బజారులయందైనను, మన తాలూకా పట్టణపు చిన్న అంగడియందైనను ఈ పద్ధతి యొక్కటే.

మొదటిది. యంత్రము ముందుగానే నడుచుచుండిన దానిని పూర్తిగా ఆపించుడు. తరువాత మీట నొక్కి, పని చేయుటకు సిద్ధమగువరకు ఎంతసేపు పట్టినదో గడియారమును చూచి వ్రాసికొనుడు. ఎస్.ఎస్.డి. గల యంత్రము నిమిషములోపల సిద్ధము కావలెను.

రెండవది. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కసారి నొక్కిన విండోసులో టాస్కు మేనేజరు తెరచుకొనును. అందలి పెర్ఫార్మెన్సు అను పుటలో ప్రాసెసరు పేరును, ర్యాము పరిమాణమును, ర్యామునకు ఎన్ని చోట్లు నిండినవియు, డిస్కు ఎట్టిదియు కనబడును. చీటీలో వ్రాసినదానితో సరిపోల్చుడు.

మూడవది. డిస్కు ఆరోగ్యమును క్రిస్టల్ డిస్కు ఇన్ఫో అను ఉచిత సాధనము చూపును. ఆ డిస్కు ఇంతవరకు ఎన్ని గంటలు నడిచినదో అందు కనబడును. దినమునకు ఎనిమిది గంటల చొప్పున సంవత్సరమునకు మూడువందల దినములు నడిచినచో 2,400 గంటలు. 24,000 గంటలు చూపిన డిస్కు అట్టి పది సంవత్సరముల సేవ చేసినదన్నమాట. "ఒక సంవత్సరము మాత్రమే వాడినది" అని చెప్పువానికి ఈ అంకెను చూపి నవ్వవచ్చును.

నాలుగవది. తేదీని, గంటను చూడుడు. విద్యుత్తు తీగను తీసి మరల పెట్టిన తరువాత తేదీ వెనుకకు పోయినచో లోపలి సి.ఆర్. 2032 అను నాణెమువంటి బ్యాటరీ అయిపోయినదని గ్రహింపుడు. దానివెల స్వల్పమే. అయినను పాతసామానును ఎవరును తెరచి చూడలేదనుటకు అది సాక్ష్యము.

ఐదవది. పెన్ డ్రైవును ముందువైపును వెనుకవైపును గల ప్రతి యు.ఎస్.బి. రంధ్రములో పెట్టి చూడుడు. శబ్దము వచ్చునా, అంతర్జాలపు తీగ పనిచేయునా, తెరను తగిలించు రంధ్రము మీ తెర తీగకు సరిపోవునా అని విచారింపుడు. పాత తెరలకు వి.జి.ఎ. తీగయు, క్రొత్తవానికి హెచ్.డి.ఎం.ఐ. తీగయు ఉండును. వైఫై లేని మేజా కంప్యూటరులు అనేకములు కలవు.

ఆరవది. మీ పట్టికలోని పనులను అన్నిటిని ఒక్కసారి తెరచి పదునైదు నిమిషములు నడిపించుడు. పాఠపు దృశ్యము ఆగి ఆగి నడుచుచున్నదా, పంకా గోలచేయుచున్నదా, కమురు వాసన వచ్చుచున్నదా అని కనిపెట్టుడు. ఎద్దుకు కాడి కట్టి చూచుట యనగా ఇదియే.

ఏడవది. విండోసు సక్రమమైన లైసెన్సుతో నున్నదా యని సెట్టింగులలోని యాక్టివేషను పుటలో చూడుడు. పిమ్మట యంత్రముయొక్క సీరియల్ నంబరును, వారంటీ గడువును వ్రాసియిచ్చిన బిల్లును అడుగుడు. నోటిమాటతో ఇచ్చిన వారంటీ అంగడి గుమ్మము దాటిన తరువాత నిలువదు.

మొత్తము వెల

పెట్టె వెల ఒక్కటే కంప్యూటరు వెల కాదు. తెర, కీబోర్డు, మౌసు, వైఫై లేనిచో దానికొక చిన్న పరికరము, ముఖాముఖి పాఠములకు కెమేరా మైకులు, నకళ్లు దాచుటకు వేరొక డిస్కు, కరెంటు పోవు ఊళ్లలో యు.పి.ఎస్. — వీనినన్నిటిని కూడి చూచినగాని నిజమైన వెల తేలదు. చిన్న యు.పి.ఎస్. గంటలకొలది పనిచేయుటకు కాదు. చేయుచున్న పనిని భద్రపరచి యంత్రమును క్రమముగా ఆపుటకు మాత్రమే. లేజరు ప్రింటరును దానికి తగిలింపవద్దు. అది ఒక్కసారిగా లాగు విద్యుత్తును చిన్న యు.పి.ఎస్. భరింపలేదు. గోడలోని ప్లగ్గునకు ఎర్తు సరిగా నున్నదా యని కూడ చూడవలెను.

విద్యుత్తును గూడ లెక్కింపుడు. తెరతో కలిపి ఒక పాత యంత్రము 80 వాట్లు, ఒక చిన్న యంత్రము 30 వాట్లు తీసికొనుననుకొందము. సంవత్సరమునకు 2,400 గంటలు నడిచినచో మొదటిదానికి 192 యూనిట్లు, రెండవదానికి 72 యూనిట్లు. సంవత్సరమునకు భేదము 120 యూనిట్లు.

ఇట్లే వెలను ఆయుస్సుచే భాగించి చూడుడు. ఒక యంత్రమును 12,000 రూపాయలకు కొని రెండు సంవత్సరములు వాడితిమనుకొనుడు. మరియొకదానిని 20,000 రూపాయలకు కొని ఆరు సంవత్సరములు వాడితిమనుకొనుడు. మొదటిది సంవత్సరమునకు 6,000 రూపాయలు. రెండవది 3,333 రూపాయలు. చేతినుండి నేడు పోవు పైకమును మాత్రమే చూచువానికి మొదటిది చౌక. అయినను ఇందులో ఒక మాట మరువరాదు. ఇరువదివేలు లేనివానికి ఈ భాగహారము ఓదార్పు కాదు. అట్టివారు అప్పు చేసి క్రొత్తదానిని కొనుటకంటె, తగిన తరపు పాత యంత్రమును పరీక్షించి కొనుటయే మేలు. పరీక్ష అవసరమగునది ధనవంతునికంటె వారికే. ఒక్క తప్పిన బేరము వారికి సంవత్సరపు పొదుపును హరించును.

నకలు

ఎంత మంచి డిస్కైనను ఒక దినమున చెడిపోవును. ఎస్.ఎస్.డి.యు ఇందుకు మినహాయింపు కాదు. పైగా అది చెడునప్పుడు టిక్కుమని హెచ్చరిక కూడ చేయకపోవచ్చును. కావున ముఖ్యమైన లెక్కలు మూడుచోట్ల నుండవలెను: యంత్రములో ఒకటి, వేరు డిస్కులో ఒకటి, ఆ ఇంటికి వెలుపల ఒకటి. వారమునకొక దినమును నియమించుకొనవలెను. నకలు తీసితినని తలచుట చాలదు. ఆ నకలు తెరచుకొనుచున్నదా యని అప్పుడప్పుడు చూడవలెను. మేము రెండు సంవత్సరములలో ఒక్క శనివారము ఈ పని చేసియుండినచో, ఆ పద్దులలో కొన్నియైన దక్కియుండెడివి.

ఇప్పుడు మా తమ్ముని దుకాణములో మరియొక యంత్రము కలదు. దానిని మేమిద్దరము ఒక పూటంతయు పరీక్షించి కొంటిమి. ప్రతి శనివారము దుకాణము మూసినపిమ్మట అతడు పద్దుల నకలు తీసి, ఆ చిన్న డిస్కును మా యింటికి పంపును. దానిని నేను నా పుస్తకముల బీరువాలో దాచుచున్నాను. పాత ఐ7 యంత్రమును పారవేయలేదు. చెడిన హార్డు డిస్కును తీసివేసి ఒక ఎస్.ఎస్.డి.ని పెట్టి, లినక్సును వేసితిమి. మా తమ్ముని కూతురు దానిమీదనే పాఠములు చదువుకొనుచున్నది. అది ఇప్పుడు చకచక మేల్కొనుచున్నది. ఆ యంత్రము చెడ్డది కాదు. దానిని తగని పనికి, తగని బీరువాతో పెట్టితిమి.

కావున విద్యార్థులారా, మీ యిండ్లలో కంప్యూటరును గూర్చి మాట వచ్చినప్పుడు, "పెద్ద అంకె గలదానిని కొనుడు" అని మీ తలిదండ్రులతో అనకుడు. వారిచేత ఒక కాగితమును తెప్పించి, చేయవలసిన పనులను వారితో కూర్చుండి వ్రాయుడు. ఆ కాగితమును, ఒక పెన్ డ్రైవును తీసికొని వారివెంట అంగడికి పొండు. వారు ఎద్దు పండ్లు చూడనెరిగినవారు. ఈ యంత్రపు పండ్లెచ్చట నున్నవో మీరు చూపినచో, బేరము వారే చక్కగా చేయుదురు.

అభ్యాసము

1. 512 జి.బి. అని అమ్మబడిన డిస్కును విండోసు ఎంతగా చూపును?

2. నిమిషమునకు 5,400 మారులు తిరుగు హార్డు డిస్కులో అర చుట్టునకు ఎన్ని మిల్లీసెకనులు పట్టును?

3. 65 వాట్లు తీసికొను యంత్రము దినమునకు ఆరు గంటల చొప్పున ముప్పది దినములు నడిచినచో ఎన్ని యూనిట్లు ఖర్చగును?

4. మీ యింటి పనుల పట్టికను వ్రాసి, వానిలో విండోసు లేక జరుగనివి ఎన్నియో గుర్తింపుడు.